మాస్టారు సరిదిద్దిన ప్యాంట్లు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పావంగుళం మాస్టారు అంటారు. ముఖం మీద అనరు లెండి, ముఖం మీద ఉత్త మాస్టారే. నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి. పావంగుళం తేడా వచ్చిందంటే బ్యాంకు మేనేజరు కోటునైనా ఒంటి మీంచి విప్పించి మళ్లీ కుడతాడు. కొలతలు రాసుకునేటప్పుడు ఎవరైనా నోరు జారి "సుమారుగా వేసెయ్యండి మాస్టారూ" అన్నారా, ఇక అయిపోయినట్టే. సుమారుగా కావాలంటే దుప్పటి కప్పుకుని తిరగమంటాడు. అట్లాంటి మనిషికి ఆ పేరు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఇంత నిక్కచ్చి మనిషి ఆరు నెలలుగా ఒక సంగతి దాచిపెడుతున్నాడంటే నమ్మడం కష్టమే. ఆయన కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్కన ఉంగరపు వేలూ మొద్దుబారిపోయాయి. పొద్దున లేచేసరికి ఆ రెండు వేళ్లూ తనవి కావేమో అన్నట్టు ఉండేవి. వేడి టీ గ్లాసు తగిలినా తెలిసేది కాదు. ఒకరోజు గుండుసూది గుచ్చుకుంటే, తెల్ల చొక్కా మీద రక్తం చుక్క పడ్డాక గానీ ఆయనకు తెలియలేదు. ఇదే పక్కింటాయనకు వస్తే "డాక్టరు దగ్గరికి వెళ్లవేమయ్యా, ముదరబెట్టుకుంటావా" అని నాలుగు చీవాట్లు పెట్టేవాడు. తన దాకా వచ్చేసరికి నోరు కుట్టేసుకున్నాడు. చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా.

అలా దాచుకోవడానికి కారణం లేకపోలేదు. ఆయన తండ్రి కూడా కటింగ్ మాస్టారే. ఆ పెద్దాయనకు చిటికెన వేలు తిమ్మిరెక్కడంతో మొదలై, ఏడాది తిరిగేసరికి కుడి పక్కంతా పడిపోయింది. తొమ్మిదేళ్లు మంచం మీదే ఉన్నాడు. ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకుని, ఇది ఎవరో వంకరగా కుట్టారని రోజంతా గొణిగేవాడు. ఆ జబ్బు పేరు మాస్టారు నోటితో పలకడు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాట డాక్టరు పలుకుతాడు, కాబట్టి వెళ్లకూడదు. వెళ్లనంత కాలం జబ్బు లేనట్టే. కోటుకు అస్తరు వెయ్యడంలో అంత తెలివి చూపించే మనిషి తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఇంత మూర్ఖంగా ఆలోచించాడు. భయం అలాంటిది మరి.

భార్యకు కూడా చెప్పలేదు. ఆ తొమ్మిదేళ్లూ మామగారికి మంచం దగ్గర సేవ చేసింది ఆమే. మళ్లీ ఆ మాట ఆమె చెవిన ఎలా వేస్తాడు? ఇద్దరు కూతుళ్లూ ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. ఆయన కోసి, మిషన్ మీద కుడతాడు. ఆమె కాజాలు తీసి, గుండీలు కుట్టి, అంచులు మడిచి చేత్తో కుడుతుంది. ఒకే గదిలో నాలుగడుగుల దూరంలో కూర్చుని ఆరు నెలలు ఒక మాట దాచడం ఆషామాషీ వ్యవహారం కాదు. వేళ్లు పట్టు తప్పినప్పుడల్లా కత్తెరలో పదును లేదని విసుక్కునేవాడు. ఆ ఆరు నెలల్లో దానికి ఎన్నిసార్లు సాన పట్టించాడంటే, సాన పట్టేవాడు "ఇంక అరిగిపోతుంది మాస్టారూ" అని దణ్ణం పెట్టాడు.

ఇలా ఉండగా, నాలుగు వీధుల అవతల పళ్ల డాక్టరు పై అంతస్తులో కొత్తగా ఒక స్పా తెరిచారు. థాయ్ మసాజ్ చేస్తారట. దాన్ని చూసుకునే మేనేజరమ్మ ముప్పై ఏళ్ల పిల్ల, మాట్లాడితే మిషన్ తొక్కినట్టే. ఒకరోజు ఆమె ఒక ప్యాంటు పట్టుకుని కొట్టుకొచ్చింది.

"మాస్టారూ, మా దగ్గరికొచ్చేవాళ్లు మసాజ్ అప్పుడు వేసుకునే ప్యాంటండీ ఇది. దీన్నే ఆదిగా పెట్టుకోండి. అచ్చం ఇలాగే ముప్పై కావాలి" అంది.

ఆమె వెళ్లాక మాస్టారు ఆ ఆదిని బల్ల మీద పరిచాడు. టేపు పెట్టి చూశాడు. నడుము యాభై ఆరు అంగుళాలు. జేబు లేదు, గుండీ లేదు, జిప్పు లేదు. నడుముకు ఒక నాడా మాత్రం వేలాడుతోంది. ముందేదో వెనకేదో తెలియడం లేదు. ఒక్కో కాలులో ఒక్కో మనిషి దూరి పడుకోవచ్చు.

"ఇది మనిషికా, గుర్రానికా?" అన్నాడు.

"అచ్చం ఇలాగే కావాలందిగా" అంది భార్య.

"పాపం, పని రానివాడెవడో అంటగట్టాడు ఆ పిల్లకి. మనం సరిదిద్ది కుట్టి ఇస్తే వాళ్లకే పేరొస్తుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఎవరు చెప్పగలరు? ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది. మాస్టారు చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజులు పెట్టాడు. నడుముకు పట్టీ వేసి, రెండేసి హుక్కులు బిగించాడు. సీటు దగ్గర ఒంటికి పట్టేలా కోసి, కిందికి పోనుపోను సన్నం చేశాడు. రెండు వేళ్లూ మొరాయిస్తున్నా మిగతా మూడింటితో లాక్కొచ్చాడు. పైగా బోలెడంత బట్ట మిగిల్చానని మురిసిపోతూ, ఆ ముక్కలన్నీ మూటగట్టి బల్ల కింద పెట్టాడు. కత్తిలాంటి ఇస్త్రీ గీతతో ముప్పై ప్యాంట్లూ పంపించి, మెప్పు కోసం ఎదురుచూశాడు.

మెప్పు రాలేదు. మూడో రోజున మేనేజరమ్మే వచ్చింది, చేతిలో ప్యాంట్ల మూటతో.

"మాస్టారూ, ఇవి తేడాగా వచ్చాయండీ" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే వెళ్లి కుడిచేతి వేళ్లు పట్టుకుంది. అయిపోయింది, చెయ్యి తప్పింది అనుకున్నాడు. ఏ కాలు పొట్టి అయిందో, ఏ కుట్టు పక్కకు పోయిందో. ఇవాళ ప్యాంటు, రేపు చొక్కా, ఎల్లుండి కొట్టుకు తాళం. ఒక్క క్షణంలో తొమ్మిదేళ్ల మంచం ఆయన కళ్ల ముందుకొచ్చింది.

"ఎక్కడమ్మా తేడా?" అని అడిగాడు.

"ఎక్కడని చెప్పమంటారు? వీటితో ఎవరూ వంగలేకపోతున్నారు. నిన్న ఒకాయన్ని మోకాలు మడవమంటే, ఇస్త్రీ నలుగుతుందేమో అని అలాగే కట్టెలా పడుకున్నాడు. ఒకావిడ నడుములో హుక్కు గుచ్చుకుందని మధ్యలో లేచి వెళ్లిపోయింది. నేనిచ్చిన ఆది ఏమైందండీ?"

"అయితే కుట్లు వంకర పోలేదా?"

"కుట్లకేం, బంగారంలా ఉన్నాయి. ఇవి ఆఫీసుకు వేసుకెళ్లే ప్యాంట్లయితే మీకు దండ వేసి ఉండేదాన్ని."

మాస్టారుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. తప్పు చేతిది కాదు, తలది. ముప్పై ప్యాంట్లు తన అతితెలివి వల్ల పాడయ్యాయని విని అంత సంబరపడ్డ దర్జీ లోకంలో ఇంకొకడు ఉండి ఉండడు. మొహం విప్పారిపోయింది. అది చూసి ఆ పిల్లకు ఒళ్లు మండింది.

"నవ్వుతారేంటి మాస్టారూ. వీటి మీద మళ్లీ కత్తెర పెట్టే ముందు రేపు మధ్యాహ్నం మా దగ్గరికి రండి. మీరు కుట్టిన ప్యాంటే వేసుకుని గంటసేపు మసాజ్ చేయించుకోండి. అప్పుడు గానీ మీకు అర్థం కాదు" అంది.

"నాకెందుకమ్మా మసాజులూ గిసాజులూ" అన్నాడు గాభరాగా. మనుషుల చేతులు పట్టుకుని చూసేవాళ్ల దగ్గరికి వెళ్తే దొంగ దొరికిపోడా?

"వెళ్లిరండి. ఇచ్చిన ఆది కాదని మీ ఇష్టం వచ్చినట్టు కుట్టింది మీరేగా" అంది భార్య, పంటితో దారం కొరుకుతూ. ఇక నోరెత్తడానికి లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, పళ్ల డాక్టరు గారి మర చప్పుడు వింటూ మెట్లెక్కాడు. పైన గుమ్మం దగ్గరే చెప్పులు విప్పించి, గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టించారు. తన కాళ్లు ఇంకొకరు కడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయి, గోడ మీదున్న గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లారు. నేల మీద మందపాటి పరుపు, మూల ఒక పచ్చ దీపం, తలుపుకు బదులు తెర. ఆయన తన ప్యాంటు తానే వేసుకుని, హుక్కులు బిగించుకుని, ఇస్త్రీ గీత సరిచేసుకుని పరుపు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకున్న అద్దంలో చూసుకుంటే బాగానే ఉంది. ఈ పిల్ల అనవసరంగా గోల చేస్తోందనిపించింది.

మసాజ్ చేసే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి, పొట్టిగా, గట్టిగా ఉంది. అలవాటు కొద్దీ మాస్టారు చూపు ఆవిడ భుజాల మీదికి పోయింది. కుడి భుజం ఎడమ దానికన్నా అరంగుళం దిగి ఉంది. ఈవిడకు జాకెట్టు కుట్టేవాడెవడో ఆ సంగతి చూసుకోలేదు, పాపం.

"నన్నిక్కడ అందరూ పెద్దక్క అంటారు అన్నయ్యగారూ" అందావిడ. "థాయ్ దేశం నుంచి వచ్చిన ఒక గురువమ్మ దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్నాను. నూనె రాయడం ఉండదు, బట్టలు తియ్యక్కర్లేదు. నొక్కడం, సాగదియ్యడం, అంతే. నొప్పి ఉంటే ఉందని చెప్పండి. దాచిపెడితే నాకు పని తెలీదు."

దాచిపెట్టడంలో ఆరితేరిన మనిషికి చెప్పాల్సిన మాటేనా అది. సరేనని తలూపి వెల్లకిలా పడుకున్నాడు.

ఆవిడ పాదాల దగ్గర మొదలుపెట్టింది. బొటనవేళ్లతో అరికాలు నొక్కి, అరచేతులతో పిక్కలు పట్టి, ఒంటి బరువంతా మెల్లగా వాల్చి, మెల్లగా తీసింది. నలభై ఏళ్లుగా లోకుల ఛాతీలూ చంకలూ నడుములూ కొలిచిన మనిషే గానీ, ఆయన్ని ఇలా ముట్టుకున్నవాళ్లు లేరు. ఒళ్లంతా బిగదీసుకున్నాడు.

"వదిలెయ్యండి" అందావిడ కాలు ఎత్తబోతూ.

"వదిలేశానమ్మా."

"ఎక్కడ వదిలేశారు? కాలు మీరే ఎత్తుతున్నారు. ఎత్తడం నా పని, మీరు ఊరుకోండి."

మాస్టారుకు నవ్వొచ్చింది. ఆయన దగ్గరికొచ్చేవాళ్లూ అంతే. చెయ్యి కొలుద్దామని పట్టుకోబోతే, సాయం చేస్తున్నామనుకుని చప్పున పైకెత్తేస్తారు, కొలత కాస్తా తప్పిపోతుంది. ఎన్నిసార్లు కసురుకుని ఉంటాడో వాళ్లని.

పెద్దక్క ఆయన కాలు మడిచి, మోకాలు పట్టుకుని, ఛాతీ వైపుకు మెల్లగా నొక్కింది. ప్యాంటు సీటు దగ్గర బిగిసింది. ఇంకొంచెం నొక్కింది. గది నిశ్శబ్దంలో చర్రుమని ఒక చప్పుడు వచ్చింది.

నలభై ఏళ్లలో ఆయన కుట్టు ఊడిపోయిందన్న మాట లేదు. ఇప్పుడు కూడా ఊడింది కుట్టు కాదు, కుట్టు గట్టిగానే ఉంది, దాని పక్కన బట్టే చిరిగింది. కానీ ఆ తేడా ఇప్పుడు ఎవరికి చెబుతాడు? దొంగకు తేలు కుట్టినట్టు, ఉలుకూ పలుకూ లేకుండా కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"ఏసీ చప్పుడు లెండి" అందావిడ ఎంతో గంభీరంగా. అన్నదే గానీ, ఆవిడ పొట్ట ఎగిరెగిరి పడుతోంది. చివరికి మాస్టారే ముందు నవ్వేశాడు. ఆపైన ఇద్దరికీ ఆగలేదు.

ఆవిడ బయటికి వెళ్లి ఆ ఆది లాంటిదే ఇంకో పాత ప్యాంటు తెచ్చి తెర సందులోంచి అందించింది. దాన్ని కట్టుకోవడం ఎలాగో ఆయనకు తెలియలేదు. నలభై ఏళ్ల కటింగ్ మాస్టారు ఒక ప్యాంటు చేత్తో పట్టుకుని దిక్కులు చూశాడు. తెర అవతల్నించి ఆవిడ చెప్పింది. "నడుము దగ్గర పట్టుకుని మొత్తం ఒక పక్కకి లాగండి. దాన్ని మళ్లీ పొట్ట మీదికి మడవండి. నాడా ముందుకు తెచ్చి ముడెయ్యండి, అంతే."

మళ్లీ పడుకున్నాక, ఆవిడ అదే కాలు మడిచి అలాగే నొక్కింది. మోకాలు ఛాతీని తాకింది. ఎక్కడా పట్టలేదు, లాగలేదు, గుచ్చుకోలేదు. కాలు పక్కకు తిప్పితే బట్ట కూడా తిరిగింది. ముందూ వెనకా ఎందుకు లేవో అప్పుడు తెలిసింది, మనిషిని అన్ని వైపులా తిప్పుతారు కాబట్టి. జేబూ హుక్కూ ఎందుకు లేవో తెలిసింది, వాటి మీద పడుకోవాలి కాబట్టి. పని రానివాడు కుట్టిన బట్ట కాదది. పని బాగా తెలిసినవాడు, ఎక్కడ ఏమీ చెయ్యకూడదో కూడా తెలిసినవాడు కోసిన బట్ట. మహానుభావుడు, ఎవడో గానీ, అని మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

బోర్లా పడుకోబెట్టి వీపు పట్టడం మొదలుపెట్టింది పెద్దక్క. బొటనవేలు ఒకచోట ఆనించి, "పిల్లలెంతమంది అన్నయ్యగారూ?" అంది.

"ఇద్దరమ్మాయిలు. పెద్దది..." అని ఆయన చెబుతూ ఊపిరి వదిలాడో లేదో, ఆవిడ వేలు కండలోకి దిగింది.

"పెద్దమ్మాయి ఏం చేస్తుంది?"

"బళ్లో పాఠాలు..." మళ్లీ ఊపిరి వదిలే వేళకే వేలు దిగింది.

మాస్టారు తల పైకెత్తాడు. "నా విద్య నా మీదే ప్రయోగిస్తున్నావా అమ్మా?"

"ఏ విద్యండీ?"

ఆయన చెప్పాడు. నడుము కొలవబోతే ప్రతి మగాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆ కొలతతో కుడితే ప్యాంటు వారం తిరక్కుండా బిగిసిపోతుంది. అందుకని టేపు చుట్టి ఊరికే పట్టుకుని, బాబు ఏం చదువుతున్నాడండీ అని అడుగుతాడు. అవతలి మనిషి జవాబు చెబుతూ ఊపిరి వదులుతాడు, పొట్ట తన అసలు రూపంలోకి వస్తుంది, అప్పుడు టేపు బిగిస్తాడు. "పిల్లల మాట ఎత్తితే ఎంతటివాడైనా వదులైపోతాడమ్మా" అన్నాడు.

"అయితే మనమిద్దరం ఒకే బళ్లో చదువుకున్నామన్నమాట" అందావిడ.

ఆ తర్వాత ఆయన బిగుసుకోలేదు. పని తెలిసిన మనిషి చేతుల్లో ఉన్నానన్న ధైర్యం వచ్చింది. నడుము మీద ఆవిడ మోకాలు ఆనించినా, చేతులు వెనక్కి లాగి విల్లులా వంచినా, కిక్కురుమనలేదు. వీపులో ఎక్కడెక్కడో మూటలు కట్టి పడేసినవన్నీ ఒక్కొక్కటే విప్పుతున్నట్టుంది. కునుకు కూడా పట్టబోయింది.

అప్పుడు ఆవిడ కుడి చెయ్యి పట్టుకుంది.

మాస్టారు కునుకు ఎగిరిపోయింది. ఆవిడ మోచెయ్యి పట్టి, మణికట్టు తిప్పి, ఒక్కో వేలూ లాగుతూ వచ్చింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. నాలుగో వేలి దగ్గర ఆవిడ చెయ్యి నెమ్మదించింది. చిటికెన వేలి దగ్గర ఆగిపోయింది.

"ఈ వేళ్లు ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయండీ?"

"ఎలా ఉన్నాయి? బానే ఉన్నాయిగా" అన్నాడు, మొహం దిండులోనే ఉంచి.

"చిటికెన వేలు గోరు దగ్గర నొక్కుతున్నాను. తెలుస్తోందా?"

"ఆ, తెలుస్తోంది. గట్టిగానే తెలుస్తోంది."

ఆవిడ మెల్లగా అంది. "నేను నొక్కట్లేదు అన్నయ్యగారూ. అసలు ఆ వేలే పట్టుకోలేదు, అడగకముందే వదిలేశాను."

ఇక దాచడానికి ఏం మిగిలింది? ఆరు నెలల పాటు కట్టుకున్న గోడ ఆ ఒక్క మాటతో కూలిపోయింది. ఆ మసక వెలుతురులో, పేరు కూడా తెలియని మనిషికి, దిండులో మొహం పెట్టుకునే అన్నీ చెప్పేశాడు. తిమ్మిరి సంగతి, గుండుసూది సంగతి, తండ్రి సంగతి. "నాక్కూడా పక్షవాతమేనమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన పెదవుల మీదికి రావడం అదే మొదటిసారి.

ఏమీ కాదులెండి అని ఆవిడ అనలేదు. అలా అని ఉంటే ఆయన నమ్మేవాడూ కాదు. "ఒకసారి లేచి కూర్చోండి" అంది. ఆయన లేచి కూర్చున్నాక వెనక్కి చేరి, మెడ కింద, కుడి పక్కన, వేలితో ఒక్కోచోట వెతుక్కుంటూ వచ్చింది. ఒకచోట ఆగి, మెల్లగా, ఒద్దికగా నొక్కింది.

మెడలోంచి ఏదో జివ్వుమని బయల్దేరింది. భుజం దాటి, చంక పక్కనుంచి మోచేతికి దిగి, అక్కణ్నించి చిటికెన వేలి కొసకు పోయి తాకింది.

"అబ్బా" అన్నాడు.

"ఎక్కడిదాకా వెళ్లింది?"

"చిటికెన వేలి దాకా."

"నొప్పా?"

"నొప్పేనమ్మా. వేల్లోనే నొప్పి. మళ్లీ నొక్కు."

"నొప్పంటే ఆపమంటారు గానీ, మళ్లీ నొక్కమనేవాళ్లని మిమ్మల్నే చూశాను" అంటూ ఆవిడ మళ్లీ నొక్కింది. మళ్లీ జివ్వుమంది. చచ్చిపోయిందనుకున్న వేలు, ఆరు నెలలుగా ఉలకని పలకని వేలు, నొప్పి పెడుతోంది. మాస్టారు ఆ వేలిని ఎడమ చేత్తో పట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, భోరుమని ఏడ్చాడు. ఇంత సుఖమైన నొప్పి ఉంటుందని ఆయనకు తెలియదు.

ఆవిడ ఏడవనిచ్చింది. ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను డాక్టర్ని కాదు. మీరనుకునే జబ్బు కాదని నేను చెప్పకూడదు. కానీ బల్ల మీద వంగి పనిచేసేవాళ్ల మెడలు రోజూ పట్టేదాన్ని. ఇలా మెడ పట్టేసి వేళ్లు మొద్దుబారినవాళ్లని చాలామందినే చూశాను. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ మెడ సంగతి చెప్పండి. వెళ్తానని నాకు మాటివ్వాలి" అంది.

మాస్టారు మాటిచ్చాడు. వచ్చేటప్పుడు మేనేజరమ్మ బల్ల దగ్గర ఆగాడు. "తప్పు నాదేనమ్మా. నాలుగు రోజులు టైమివ్వు. మిగిలిన బట్టంతా మా బల్ల కిందే ఉంది. రెండు పక్కలా విప్పి, ఆ ముక్కలు వేసి, నీ ఆదిలాగే వదులు చేసిస్తాను. హుక్కులు పీకేస్తాను" అన్నాడు. దెబ్బలాటకు సిద్ధంగా ఉన్న ఆ పిల్ల గబగబా లేచి ఆయనకు కుర్చీ చూపించింది. పావంగుళం మాస్టారు తప్పు ఒప్పుకున్నాడంటే వీధిలో ఎవరూ నమ్మరు.

మర్నాడు పొద్దున దారం రీళ్లు కొనుక్కొస్తానని భార్యకు చెప్పి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరమ్మ చిన్న సుత్తితో మోచెయ్యి మీద కొట్టింది, సూదితో వేళ్లు పొడిచింది, తన చెయ్యి గట్టిగా పట్టుకోమంది, నవ్వమంది, ఒంటికాలి మీద నిలబడమంది, మెడకు ఫోటో తీయించింది. ఫోటో వెలుతురుకు పెట్టి చూస్తున్నంతసేపూ ఆయన ఊపిరి తియ్యలేదు.

"మెడ దగ్గర నరం ఒత్తుకుపోతోంది" అంది చివరికి. "నలభై ఏళ్లు తల వంచి పని చేశారుగా, దాని ఫలితం. మీ నాన్నగారి జబ్బు ఇది కాదు."

"ఆ మాట ఇంకొక్కసారి చెప్పండమ్మా."

"ఇది పక్షవాతం కాదు. బల్ల ఎత్తు పెంచుకోండి, నేను చెప్పిన వ్యాయామం రోజూ చెయ్యండి, మందులు వాడండి. మెల్లగా తగ్గుతుంది. అయినా ఆరు నెలలు ఏం చేస్తున్నారండీ ఇంట్లో? ఇంకా అశ్రద్ధ చేసి ఉంటే చెయ్యి నిజంగానే చిక్కిపోయేది" అని చెడామడా తిట్టింది. ఆ తిట్లన్నీ ఆయన చేతులు కట్టుకుని, దీవెనలు అందుకున్నట్టు అందుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కొట్టులో కూర్చుని ఒక చొక్కాకు గుండీలు కుడుతోంది.

"దారం ఏదండీ?" అంది.

మాస్టారు ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యలోంచి మొదలుపెట్టి, వెనక్కీ ముందుకీ వెళ్తూ అంతా చెప్పాడు. ఆమె సూది గుడ్డలో సగం దిగి అక్కడే ఆగిపోయింది. డాక్టరు అన్న మాట మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అది కాదట. మా నాన్నది కాదట" అన్నాడు.

ఆమె సూదిని చొక్కాకే గుచ్చేసింది. చొక్కా పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆరు నెలలు దాచినందుకు కోపం వచ్చిందనుకున్నాడు. రావాల్సిందే కదా అనుకున్నాడు. అంతలో ఆమె ఒక పెద్ద కాగితాల మూట తెచ్చి ఆయన బల్ల మీద విప్పింది.

పాత పేపర్లు. చొక్కా ముందు భాగాలు, వెనక భాగాలు, చేతులు, కాలర్లు, అన్నీ పేపర్లతో కోసినవి. అడుగున ఉన్నవి ఎలక కొరికినట్టున్నాయి. పైకి వచ్చేకొద్దీ గీత కుదురుకుంది. అన్నిటికన్నా పైన ఉన్న కాలరుకు వంక పెట్టడానికి లేదు.

"ఎవరు కోశారు ఇవి?"

"ఎవరు కోస్తారు? నేనే" అంది. "ఆరు నెలల నుంచి ఎడమ చేత్తో గుండీలు పెట్టుకుంటున్నారు. పక్కనే కూర్చునే మనిషికి తెలీదనుకున్నారా? అడిగితే మీరు అక్కడే కూలబడిపోతారని అడగలేదు. మామయ్యగారు మంచాన పడ్డప్పుడు కత్తెర అందుకోవడానికి మీరున్నారు. ఇప్పుడు మీరు పడితే ఎవరున్నారు? అందుకని రోజూ మధ్యాహ్నం మీరు పడుకున్నాక వెనక గదిలో కూర్చుని కోసేదాన్ని."

మాస్టారు ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నూటికి పైనే ఉన్నాయి. చివరికి ఆ పై కాలరు చేతిలోకి తీసుకుని, "బాగా వచ్చిందే. నేర్చుకో, మిగతాది నేను చూపిస్తాను" అన్నాడు.

"నాకొద్దు బాబూ" అందామె. "నాకు ఆ కత్తెరంటేనే ఒళ్లు మంట. చేతికి పొక్కులొచ్చేవి. ఒక్క రోజు కూడా ఇష్టంగా కొయ్యలేదు. ఇంక నేను కొయ్యక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"నిజంగా అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు" అన్నాడు మాస్టారు. ఆమె ఆ కాగితాల మీదే తల వాల్చి, ఆరు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.